వర్తకుల వాఙ్మూలములు: రోబ్లెస్ వ్యాజ్యము

న్యాయస్థానమున సాక్షి పలికినదానిని మనము వాఙ్మూలమని వ్యవహరించుచున్నాము. వాక్కు మూలముగా గలదని ఆ పదమునకు అర్థము. కాని పరిశోధకుని చేతికి వచ్చునది వాక్కు కాదు. లేఖకుడు వ్రాసికొన్న కాగితము. ఈ రెంటి నడుమ గల దూరమును గుర్తింపకయే వర్తకుల సాక్ష్యములను చదువుట తరచుగా జరుగుచున్నది. 17వ శతాబ్దిలో యుద్ధకాలమున పట్టుబడిన ఓడసరకులను గూర్చిన సాక్ష్యములను చదువుటలో ముఖ్యముగా రెండు ధోరణులు కానవచ్చుచున్నవి. సాక్ష్యముననున్నదంతయు యథార్థమని గ్రహించుట మొదటిది. సరకు దక్కించుకొనుటకు వర్తకుడు ఏమైనను చెప్పును గావున ఆ మాటలు చరిత్రకు పనికిరావని త్రోసివేయుట రెండవది. పరస్పరవిరుద్ధములుగా తోచు ఈ రెండింటి లోపమును ఒక్కటియే. రెండును సమాధానమును మాత్రమే చూచి ప్రశ్నను విడిచిపెట్టినవి. 1656లో లండను నగరమున జరిగిన అంతోనియో రోడ్రిగెస్ రోబ్లెస్ వ్యాజ్యమును ఆధారముగా గొని ఈ విషయమును విచారింతము.

మొదట పూర్వరంగమును కొంత తెలిసికొనవలయును. ఇంగ్లండు దేశమునుండి యూదులు 1290లో వెడలగొట్టబడిరి. తరువాత మూడున్నర శతాబ్దుల పాటు ఆ దేశమున యూదుడు యూదుడుగా బహిరంగముగా నివసించుటకు వీలు లేకపోయెను. 17వ శతాబ్ది మధ్యమున లండనులో ఒక చిన్న వర్తకసమూహము ఉండెను. వారు స్పెయిను, పోర్చుగల్ దేశములలో బలవంతముగా క్రైస్తవమతమునకు మార్చబడిన యూదుల సంతతివారు. బయటికి స్పానిష్ కాథలిక్కులుగా వ్యవహరించుచు, స్పెయిను, కానరీదీవులతో వర్తకము చేయుచుండిరి. 1655 డిసెంబరులో వారి పునఃప్రవేశమును గూర్చి క్రామ్‌వెల్ వైట్‌హాల్ నందు ఒక సభ జరిపించెను. యూదులు వచ్చుటను నిషేధించు శాసనమేదియు లేదని న్యాయవేత్తలు చెప్పిరి. వర్తకులును మతాచార్యులును పలువురు ప్రతికూలించిరి. సభ నిర్ణయమేమియు లేకయే ముగిసెను.

ఇంతలో స్పెయినుతో యుద్ధము వచ్చెను. స్పెయిను దేశీయుల ధనమును, సరకును, ఓడలును పట్టుకొనదగినవని 1656 మార్చిలో ప్రకటితమయ్యెను. అంతవరకు స్పానిష్ వర్తకులమని చెప్పుకొనుట ఈ సమూహమునకు రక్షణ. ఆ ప్రకటనతో అదియే ప్రమాదమయ్యెను. వారి వ్యవహారములను ఎరిగియున్న ఫ్రాన్సిస్ నెవెట్ అను లేఖకుడు రోబ్లెస్ శత్రుదేశీయుడని అధికారులకు తెలిపెను. రోబ్లెస్ సొత్తును, కాగితములను, థేమ్సు నదిలో నున్న 'టూ బ్రదర్స్', 'టోబియాస్' అను రెండు ఓడలను అధికారులు స్వాధీనము చేసికొనిరి.

రోబ్లెస్ విన్నపమున చేసిన వాదము గమనింపదగినది. తాను స్పెయిను దేశీయుడను కాననియు, పోర్చుగల్ నందు పుట్టిన హీబ్రూజాతివాడననియు అతడు చెప్పెను. ఇన్‌క్విజిషన్ అను కాథలిక్ మతవిచారణసంస్థ తన కుటుంబమును పెట్టిన బాధలను చెప్పి, దానినుండి తప్పించుకొనుటకే ఇంగ్లండునకు వచ్చితినని నివేదించెను. ఆ మార్చి 24వ తేదీననే మెనాషె బెన్ ఇజ్రాయెల్ అను పండితుడును, ఆ సమూహమునకు చెందిన మరి ఆరుగురును క్రామ్‌వెల్‌కు వేరొక విన్నపమును సమర్పించిరి. తమ గృహములలో ప్రార్థన చేసికొనుటకు వ్రాతమూలకమైన రక్షణమును, తమవారిని పాతిపెట్టుకొనుటకు స్థలమును వారు కోరిరి. తాము యూదులమని వారందరు పేర్లు వ్రాసి ఒప్పుకొనిన పత్రమది.

తరువాత సాక్షుల విచారణ జరిగెను. ఇచట ఆనాటి ఆచారమును స్మరింపవలయును. నౌకావ్యవహారములలో సాక్షిని బహిరంగసభలో ప్రశ్నించు పద్ధతి లేదు. ముందుగా కూర్చిన ప్రశ్నలను ఒక్కొక్కటిగా సాక్షికి వినిపించి, అతడు చెప్పినదానిని లేఖకుడు ప్రథమపురుషలోనికి మార్చి వ్రాయుచుండెను. 'నేను చూచితిని' అని సాక్షి పలికినచో 'తాను చూచితినని ఈ సాక్షి చెప్పుచున్నాడు' అని కాగితమున నిలుచును. సాక్షి పరభాషీయుడైనచో నడుమ దుబాసీ కూడ చేరును. కావున మనకు దక్కిన వాక్యమున సాక్షి మాటతో పాటు ప్రశ్న కూర్చినవాని ఉద్దేశమును, లేఖకుని పరిభాషయు కలిసియున్నవి. వీనిని వేరుపరుపక సాక్షి శీలమును గూర్చి తీర్పు చెప్పుట సాహసమగును.

ఈ వ్యాజ్యమున ప్రశ్న ఏది? రోబ్లెస్ స్పెయిను దేశీయుడా, కాడా అనునదే. ప్రశ్న సులభముగా తోచును. ఆ కాలమున దానికి సులభమైన సమాధానము లేదు. 1580 మొదలు 1640 వరకు పోర్చుగల్ రాజ్యము స్పెయిను రాజు ఏలుబడిలో నుండెను. ఆ నడుమ పోర్చుగల్ గ్రామమున పుట్టినవాడు జన్మస్థానముచేత పోర్చుగీసు, పుట్టిననాటి ఏలికను బట్టి స్పెయిను రాజు ప్రజ. అతడు తరువాత స్పెయిను రాజు సీమలలో పనిచేసి, లండనులో స్పానిష్ వర్తకుడనిపించుకొని, రహస్యముగా యూదమతమును నమ్మినచో అతని 'జాతి' ఏది? జన్మభూమియా, ఏలికయా, మతమా, కులమా? ఆనాటి 'జాతి' అను మాటలో ఈ నాలుగర్థములును ఇమిడియుండెను. ప్రశ్న కూర్చినవారు ఒక అర్థమున అడిగిరి; సాక్షులు తమకు తోచిన అర్థమున బదులు చెప్పిరి. అతడు పోర్చుగల్ నందలి ఫుందావులో పుట్టెనని కొందరు చెప్పగా, దానికి విరుద్ధమైన సాక్ష్యమును వచ్చెను. ఈ వైరుధ్యమునకు అసత్యమొక్కటియే కారణమని తలచుట తొందరపాటు. ఒకే పదము నాలుగు కొలతలు కొలుచుచున్నప్పుడు సత్యవంతులు సైతము నాలుగు విధములుగా చెప్పగలరు.

వర్తకుడు సరకు కొరకు ఏమైనను చెప్పునను వాదమును కూడ ఇచట పరీక్షింపవచ్చును. రోబ్లెస్‌కు సున్నతి జరుగలేదనియు, అతడు ఇటీవలివరకు స్పెయిను రాయబారి ఇంట కాథలిక్ పూజకు పోవుచుండెననియు సాక్ష్యములలో వచ్చినది. యూదుడని నిరూపించుటకు ఇవి తోడ్పడునవి కావు. పైగా హాని చేయునవి. కేవలము కల్పించిన కథలో ఇట్టి అంశములకు చోటుండదు. రెండు జీవితములు జీవించిన మనుష్యుని అసలు స్థితి అందు కానవచ్చుచున్నది. వ్యాజ్యమునకు అనుకూలముగా ప్రధానాంశమున చెప్పిన మాటకంటె, అవసరము లేకుండ వచ్చిన మాటకును, ప్రతికూలముగా వచ్చిన మాటకును పరిశోధకుడు ఎక్కువ విలువ నీయవలయును.

ఈ సాక్షులు ఏమి పణముగా పెట్టిరో కూడ చూడవలయును. రోబ్లెస్ యూదుడని చెప్పగలవాడు అతనిని యూదుడుగా ఎరిగినవాడే. అనగా ఆ సాక్ష్యము సాక్షి గుట్టును కూడ బయటపెట్టును. వారి వ్యాపారబంధువులు స్పెయిను రాజు సీమలలో నుండిరి. లండను యూదువర్తకులను గూర్చి కానరీదీవుల ఇన్‌క్విజిషన్ సేకరించిన సాక్ష్యములను లూసియన్ వుల్ఫ్ 1926లో ప్రకటించెను. రెండు చోట్ల పత్రములను ప్రక్కప్రక్కన నుంచినచో విషయము స్పష్టమగును. 'ఇతడు యూదుడు' అను వాక్యము లండనులో సరకును విడిపించును. కానరీదీవులలో అదే వాక్యము ఆస్తిని హరించి ప్రాణమునకు ముప్పు తెచ్చును. వాక్యము మారలేదు, విను ధర్మాసనము మారినది. సాక్ష్యమును దాని న్యాయస్థానమునుండి వేరుచేసి చదువరాదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి అవసరము లేదు.

వ్యాజ్యపు ముగింపు మరియు బోధకము. సాక్ష్యములు పరస్పరవిరుద్ధములుగా నున్నందున రోబ్లెస్ జాతిని నిర్ణయింపజాలమని నౌకాధికార కమీషనరులు నివేదించిరి. అయినను 1656 మే 16వ తేదీన క్రామ్‌వెల్ మంత్రిసభ స్వాధీనము చేసికొన్న సొత్తునంతయు తిరిగి ఇచ్చివేయుటకు ఆజ్ఞాపించెను. పత్రములను వెలికితెచ్చిన వుల్ఫ్ మొదలుకొని పలువురు చరిత్రకారులు ఈ ఆజ్ఞను యూదుల పునఃప్రవేశచరిత్రలో నిర్ణాయకఘట్టముగా భావించిరి. ఫలితమును బట్టి వారి భావన నిరాధారము కాదు. ఆ సంవత్సరాంతముననే ప్రార్థనామందిరమునకు ఇల్లు, 1657 ఆరంభమున శ్మశానస్థలము వారికి లభించినవి. కాని ఆజ్ఞ సరకును విడిపించినదే గాని, యూదుల నివాసహక్కును శాసింపలేదు. ప్రశ్నకు సమాధానము లేకుండగనే వ్యాజ్యము ముగిసినది. ఫలితమును తీర్పులోనికి ఎక్కించి చదివినచో, మంత్రిసభ బుద్ధిపూర్వకముగా పాటించిన మౌనము మనకు కనబడకపోవును. బహిరంగముగా అనుమతించినచో ప్రతికూలురకు కోపము. నిరాకరించినచో ఉపయోగపడు వర్తకుల నష్టము. ఈ స్థితిలో ఏమియు చెప్పకుండ సొమ్ము తిరిగి ఇచ్చుటయే రాజనీతి యయ్యెనని నా అభిప్రాయము.

తెలుగు పరిశోధకులకు ఈ చర్చ దూరమైనది కాదు. కాలిన్ మెకంజీ పక్షమున కావలి వెంకట బొఱ్ఱయ్య మొదలగువారు సేకరింపించిన కైఫీయతులు మన గ్రామచరిత్రలకు ముఖ్యాధారములు. కైఫీయతు అనగా నివేదనమే. కరణములును స్థానికులును క్రొత్త ప్రభుత్వపు మనుష్యులు అడుగగా చెప్పినవియు, వ్రాసియిచ్చినవియు అవి. ఇనాములు, మిరాసీలు, దేవస్థానపు మాన్యములు నిలుచునో పోవునో తెలియని కాలమున పుట్టినవి. వానిని అక్షరసత్యములుగా ఎత్తివ్రాయుటయు, కట్టుకథలని పారవేయుటయు మనలో కూడ కలవు. రోబ్లెస్ పత్రములకు చెప్పిన నియమములే వీనికిని చెల్లును. ఎవరు అడిగిరి? ఏ మాటలతో అడిగిరి? చెప్పినవానికి అందు లాభమేమి, భయమేమి? అడుగకయే చెప్పినది ఏది? ఈ నాలుగింటిని విచారించిన పిదపనే సాక్ష్యమును ప్రమాణముగా గ్రహింపవలయును.

వాఙ్మూలము సత్యమునకు అద్దము కాదు. అసత్యముల మూటయు కాదు. అది ఒకరు అడుగగా, వేరొకరు చెప్పగా, మూడవవాడు వ్రాసిన రచన. ఈ ముగ్గురును అందు భాగస్వాములే. వారిలో సాక్షిని మాత్రము బోనులో నిలిపి మిగిలిన ఇద్దరిని విడిచిపెట్టు పరిశోధన, నాటి కమీషనరుల విచారణకంటె న్యాయమైనది కాజాలదు. తమకు నిర్ణయింపశక్యము కాలేదని వారు వ్రాసియిచ్చిరి. పత్రములు మూగవోయినచోట మనము కూడ అట్లు వ్రాయుటకు వెనుదీయరాదు.