దేవుడి ఖాతాలో జమ ఎవరిది?

దేవుడికి పూజ కావాలా అని అడిగితే మన పురాణ ప్రవచకుల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది. ‘‘ఆయనకేం అవసరం నాయనా, అవసరమంతా మనదే’’ అంటారు. వినటానికి వినయంగానే ఉంటుంది. అడిగినవాడు తల వంచుకొని వెళ్లిపోతాడు. అయితే ఈ జవాబులోని ‘మనం’ దగ్గర విమర్శకుడు ఆగాలి. ఆ మనం ఎవరు? పెట్టేవాడా, పెట్టించేవాడా, పెట్టినదాన్ని ఇంటికి పట్టుకుపోయేవాడా? ముగ్గురినీ ఒకే సర్వనామంలో కలిపేశాక ప్రశ్న పోయి పుణ్యం మిగులుతుంది.

దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఈ వ్యాసానికి విషయం కాదు. ఆ చర్చ మన పత్రికల్లో చాలా జరిగింది, ఇకముందూ జరుగుతుంది. తెలుగు కవులు తమ దేవుళ్లకు ఏయే అవసరాలు కల్పించారు, వాటిని తీర్చే ఖర్చు ఎవరి నెత్తిన వేశారు అన్నదే నేను పరిశీలించదలచింది.

ఇలా అడగటమే నాస్తికత్వం అనుకునేవారికి ముందుగా ఒక సంగతి గుర్తుచేయాలి. వైదిక కర్మకాండకు శాస్త్రం కట్టిన మీమాంసకులే దేవత హవిస్సు తినదని తేల్చిపారేశారు. జైమిని సూత్రాలకు భాష్యం రాసిన శబరుడు ఈ విషయంలో ఏ మొహమాటమూ పెట్టుకోలేదు. దేవతకు శరీరం లేదు, భుజించటం లేదు, పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంటోంది కదా అన్నాడు. తేనెటీగ పువ్వులోంచి తేనె మాత్రమే తీసుకున్నట్టు దేవత అన్నంలోని సారం తీసుకుంటుంది, అందుకే నైవేద్యం పెట్టిన అన్నం చప్పబడుతుంది అని ఎదుటిపక్షం వాదిస్తే, గాలి తగిలి చల్లారిన అన్నం చప్పబడక ఏమవుతుందని తిప్పికొట్టాడు. ఇంత లౌకికమైన పరిశీలన యజ్ఞశాల లోపలి నుంచే వచ్చింది! అలాగని శబరుడు యజ్ఞం మానమనలేదు. దేవత తినకపోయినా యజ్ఞం చేయాల్సిందే, దక్షిణ ఇవ్వాల్సిందే. తినేవాణ్ణి తీసేసి పెట్టటాన్ని మాత్రం నిలబెట్టిన తర్కం అది. నేటి ప్రవచకుడి వినయానికి వేరు నాకు అక్కడే కనిపిస్తుంది.

ఈ పండిత తర్కానికి పూర్తిగా ఎదురు నడిచినవాడు 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు. బసవపురాణంలోని శివుడికి ఆకలి ఉంది. గొడగూచి కథ చాలామంది పాఠకులకు తెలిసే ఉంటుంది. రోజూ గుడికి పాలు పట్టుకెళ్లే తండ్రి పొరుగూరు వెళుతూ ఆ పని కూతురికి అప్పగిస్తాడు. పిల్ల పాలు తీసుకెళ్లి దేవుడి ముందు పెట్టి తాగమంటుంది. ఆయన తాగడు. బతిమాలుతుంది, బుజ్జగిస్తుంది, పాలు అలాగే తిరిగి తెస్తే తండ్రి కొడతాడని ఏడుస్తుంది, చివరికి తల బద్దలు కొట్టుకోబోతుంది. అప్పుడు శివుడు ప్రత్యక్షమై తాగుతాడు. ఇంతవరకు అందరూ చెప్పుకునేదే. నాకు ముఖ్యమనిపించేది తర్వాతి భాగం. తండ్రి తిరిగివచ్చి పాలేవని అడుగుతాడు. దేవుడు తాగాడని పిల్ల చెబితే నమ్మడు. నువ్వే తాగి ఉంటావంటాడు. రోజూ నియమం తప్పక పాలు పోసే మనిషికి దేవుడు వాటిని తాగుతాడన్న నమ్మకం మాత్రం లేదు! నిత్యపూజ మీద ఇంతకంటె పదునైన విమర్శ మన ప్రాచీన సాహిత్యంలో నేను చూడలేదు. సోమనాథుడు ఆ మాట విడమరచి చెప్పకపోయినా కథే చెబుతోంది. తండ్రి కోపానికి భయపడి పిల్ల లింగంలో కలిసిపోతుంది. భక్తులకు అది మోక్షం. కథ ఆ పిల్లను మళ్లీ ఇంటికి పంపలేకపోయిందని నాకు అనిపిస్తుంది.

కన్నప్ప కథ కూడా ఈ కోవలోదే. బోయవాడు తాను రుచి చూసి బాగున్న మాంసం తెచ్చి పెడతాడు, పుక్కిట పట్టిన నీళ్లతో అభిషేకం చేస్తాడు. ఈ కథల్లో దేవుడికి కావలసింది పెట్టేవాడి చేతిలో ఉన్నదే, అతను తినేదే. పక్కవాడి కళ్లంలోంచి తెచ్చింది కాదు. (1995 సెప్టెంబరు 21న దేశమంతటా వినాయకుడు పాలు తాగుతున్నాడని గుళ్ల ముందు బారులు తీరినప్పుడు గొడగూచిని తలచుకున్నవారు కొందరుండవచ్చు. ద్రవాల తలతన్యత గురించి శాస్త్రజ్ఞులు ఓపికగా వివరించారు. గొడగూచి శివుడు తాగింది మాత్రం ఒక పిల్ల ఏడుపు చూడలేక. చెంచాతో వచ్చిన ప్రతివాడి దగ్గరా తాగలేదు.)

తన అవసరాన్ని దాచుకోని దేవుడు మనకు మరొకడున్నాడు. తిరుమల వెంకటేశ్వరుడు పెళ్లికోసం కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని కథ. వడ్డికాసులవాడు అన్న పేరు అందుకే వచ్చిందంటారు. కూతురి పెళ్లికి షావుకారు దగ్గర నోటు రాసిన రైతుకు ఈ దేవుడు బాగా అర్థమవుతాడు. ఆ షావుకారు కూడా హుండీలో వేస్తాడన్నది వేరే సంగతి.

సోమనాథుడి నుంచి నాలుగు శతాబ్దాలు ముందుకు వచ్చి గోదావరి ఒడ్డున భద్రాచలంలో ఆగుదాం. అక్కడి స్థలపురాణంలోనూ ఒక గొడగూచి ఉంది. పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ కొండ మీద విగ్రహాలు చూసి, తాటాకుల పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టిందని చెబుతారు. అంటే కథ ప్రకారం భద్రాద్రి రాముడు గుడి లేకుండానే ఉన్నాడు, తాటిపండే తిన్నాడు. ఆ తర్వాత వచ్చాడు కంచర్ల గోపన్న. 1672లో గోల్కొండ గద్దెనెక్కిన అబుల్‌ హసన్‌ తానీషా కాలం. మాదన్న, అక్కన్నల మేనల్లుడిగా చెప్పుకునే గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన సొమ్ముతో గుడి కట్టాడు, నగలు చేయించాడు, గోల్కొండ కోటలో ఖైదయ్యాడు. ఖైదులో ఉండి పాడినట్టుగా చెప్పే కీర్తనల్లో నగల లెక్క చెప్పేదొకటి తెలుగునాట తెలియనివారు ఉండరు.

ఆ కీర్తనను ఒకసారి లెక్కగానే చదివి చూడండి. ప్రచారంలో ఉన్న పాఠం ప్రకారం ప్రాకారానికి పదివేల వరహాలు. భరతుడి పచ్చల పతకానికి పదివేల వరహాలు. శత్రుఘ్నుడి మొలతాడుకు పదివేల మొహరీలు. లక్ష్మణుడి ముత్యాల పతకానికీ, సీతమ్మ చింతాకు పతకానికీ అంతంతే. రాముడి కలికితురాయికి మాత్రం ధర లేదు. దాని దగ్గరకు వచ్చేసరికి కవికి కోపం వస్తుంది. ఎవరి సొమ్మనుకొని దీన్ని పెట్టుకొని కులుకుతున్నావని దేవుణ్ణే నిలదీస్తాడు. నీ తండ్రి ఇచ్చాడా, మామ పంపాడా అని అడుగుతాడు. ఆ వెంటనే దెబ్బలు ఓర్చుకోలేక తిట్టానని సంజాయిషీ చెప్పుకుంటాడు.

ఒక ఏడాది తొమ్మిదో తరగతిలో ఇది పాడి వినిపించినప్పుడు వెనకబెంచీ కుర్రవాడొకడు ‘‘అన్నిటికీ పదివేలేనా సార్‌?’’ అన్నాడు. తరగతి నవ్వింది. మంచి ప్రశ్న అది. పతకమూ పదివేలే, ప్రాకారమూ పదివేలే అయితే అది లెక్క కాదు, లెక్క రూపంలో ఉన్న ఆక్రోశం. పరగణా జమాబందీ చూసిన ఉద్యోగికి ధరలు తెలియక కాదు. కానీ ఆ ఉద్యోగి రాసిన ఈ చిట్టాలో ఖర్చు పద్దు ఒక్కటే ఉంది. జమ పద్దు లేదు.

మన అలంకారికులు దీన్ని నిందాస్తుతి అని ఒక గూట్లో పెట్టి తృప్తిపడతారు. తిట్టు కూడా ప్రేమలో భాగమేనంటారు. ఆ మాట అబద్ధం కాదు కాని చాలదు. ‘ఎవడబ్బ సొమ్ము’ అన్నది మన పల్లెల్లో ఆస్తి తగాదాలో వచ్చే మాట. అది భక్తి గీతంలోకి ఊరికే రాదు. దశరథుడిది కాదు, జనకుడిది కాదు. మరి ఎవరిది? గోపన్న మనసులో ఉన్న జవాబు ‘నాది’ అని. నేను చేయించాను, నేను కట్టించాను అని ప్రతి చరణంలోనూ చెప్పుకున్నవాడు అతను. సంప్రదాయమూ ఈ జవాబునే ఒప్పుకుంది. తానీషా వాదన వేరు: అది సర్కారు సొమ్ము. భక్తుడికీ ప్రభుత్వానికీ మధ్య నడిచిన ఈ దావాలో మూడో పక్షం పేరు కీర్తనలోనూ లేదు, కథలోనూ లేదు.

గోల్కొండ రాజ్యంలో శిస్తు వసూలు చాలాచోట్ల ఇజారాకు ఇచ్చేవారని చరిత్రకారులు రాశారు. ఎక్కువకు పాడుకున్నవాడు ఆ మొత్తం సర్కారుకు కట్టి, దానిపైన తనకు వీలైనంత రైతు దగ్గర రాబట్టుకోవటం ఆ పద్ధతి. గోపన్న అలాంటివాడని నేను అనటం లేదు. రైతులే ఇష్టపడి చందాలిచ్చారని చెప్పే కథ కూడా ఉంది. శిస్తయినా చందాయైనా వరహాలు వచ్చింది పాల్వంచ పరగణా కళ్లాల నుంచే. సీతమ్మ చింతాకు పతకంలో ఎన్ని పుట్ల ధాన్యం కరిగిందో లెక్క వేయటానికి ఏ కవీ కూర్చోలేదు. ఇక దెబ్బల సంగతి. శిస్తు బకాయి పడ్డవాడికి దెబ్బలు కొత్త కాదు. తహసీల్దారుకే కొత్త. అందుకే అవి కీర్తనకెక్కాయి.

భక్తి కవిత్వాన్ని జమాఖర్చులతో కొలవవచ్చునా అని కొందరు మిత్రులు అడుగుతారు. కొలత మొదలుపెట్టింది నేను కాదు, కవే. మరికొందరు మిత్రులు, వీళ్లు మనవాళ్లే, ఇదంతా భూస్వామ్య భావజాలం, దీని మీద కాగితం ఎందుకు వృథా చేస్తారంటారు. వారితోనూ నేను ఏకీభవించను. రాజాస్థానాల్లో అలవాటైన సమాస భాష చెరసాలలో రాలిపోయి, దెబ్బతిన్న మనిషి నోట వచ్చే తెలుగు మిగిలింది ఇక్కడ. పూజను ఇచ్చిపుచ్చుకోవటంగా, ఇచ్చినదానికి పలకకపోతే అడిగే హక్కు ఉన్న ఒప్పందంగా ఆ మనిషి అర్థం చేసుకున్నాడు. దేవుడికి ఏమీ అక్కర్లేదనే వేదాంతి కంటె ఈ ఖైదీ నిజాయితీపరుడు. దేవుడికి నగలు కావాలని అతను నమ్మాడు, చేయించాడు, బదులు అడిగాడు. అతని చూపు ఎక్కడ ఆగిపోయిందో చెప్పటానికి కూడా ముందు అతన్ని చదవాలి కదా.

ఆ చూపు ఆగిన చోటే కథ కూడా ఆగింది. రామలక్ష్మణులు రాత్రివేళ తానీషా మందిరానికి వెళ్లి ఆరు లక్షల రామమాడలు గుమ్మరించి రసీదు తీసుకున్నారని ఐతిహ్యం. 1964లో నాగయ్య తీసిన ‘రామదాసు’లోనూ, 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’లోనూ ఈ ఘట్టానికి జనం చేతులు జోడించారు. జోడించవలసిన దృశ్యమే. నిజమైన దేవుడు అప్పు ఉంచుకోడని చెప్పే కథ అది. కాని ఆ సొమ్ము ఎవరికి చేరింది? ఖజానాకు. భక్తుడు విడుదలయ్యాడు, సుల్తాను ధన్యుడయ్యాడు, గుడి గుడిగా నిలిచింది. పరగణాలో ఒక్క రైతు ఇంటి ముందు కూడా రాముడు గుర్రం ఆపలేదు. దేవుడు ఎవరికి బాకీ ఉన్నాడన్న విషయంలో భక్తుడికీ సుల్తానుకూ ఐతిహ్యం అల్లినవారికీ భేదాభిప్రాయం లేదు. తానీషా కాలం నుంచి వస్తున్నదని చెప్పే ఆచారం ప్రకారం ప్రతి శ్రీరామనవమికీ ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు భద్రాచలం వెళతాయి. సుల్తాను పోయాడు, నిజాము పోయాడు, రాష్ట్రాలు రెండయ్యాయి. సర్కారుకూ దేవుడికీ కుదిరిన ఆ రాజీ మాత్రం నడుస్తూనే ఉంది.

జమ పద్దు రాయటానికి తెలుగు కవిత్వం 1941 దాకా ఆగవలసివచ్చింది. జాషువా ‘గబ్బిలం’ను అంటరానితనం మీద కావ్యంగా మనం చదువుతాం, అలా చదవటం సరైనదే. పూజ ఎవరికి కావాలన్న ప్రశ్నకు జవాబుగా కూడా దాన్ని చదవాలని నా ప్రతిపాదన. రాతి బొమ్మల పెళ్లిళ్లకు వేలు పోసే దేశం ఆకలిగొన్నవాడి గిన్నెలో మెతుకు విదల్చదని అందులో జాషువా అన్నాడు. అంతకంటె ముఖ్యమైనది, తన నాయకుణ్ణి పరిచయం చేస్తూ అతని రెక్కల కష్టం లేకపోతే పైరు పండటానికే సంకోచిస్తుందని చెప్పటం. రామదాసు చిట్టాలో ఖాళీగా ఉండిపోయిన గడి అది. వేమన రాతిపూజను వెక్కిరించాడు, గురజాడ 1910లో ‘మీ పేరేమిటి’ కథలో శైవ వైష్ణవాల పోటీని నవ్వులపాలు చేశాడు. ఖర్చు భరించిన మనిషిని గుడి ముందుకు తెచ్చి నిలబెట్టింది మాత్రం జాషువాయే.

ఇద్దరూ దేవుడితో ఫిర్యాదే చేశారు. రామదాసు చెరసాలలో ఉన్నా తన మాట నేరుగా దేవుడి చెవిన పడుతుందన్న ధీమా ఉంది. తిట్టటానికి కావలసినంత చనువూ ఉంది. జాషువా మనిషిని గుడి గడప తొక్కనివ్వరు. అతను కాశీ విశ్వనాథుడికి కబురు పంపటానికి గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. అదీ, పూజారి దగ్గర లేని సమయం చూసి చెప్పమంటాడు.