మార్గరెట్ బతికి ఉంటే

చరిత్రలో ఒక చావునో పెళ్లినో తప్పించి, ఆపైన ఏమయ్యేదో అల్లుకుంటూ పోవడం కొందరికి వ్యసనం. మధ్యయుగపు యూరప్ వాళ్లకు తరగని గని. ఈ ఆటలోకి కొత్తగా దిగినవాళ్లు చాలామంది ముందు పట్టుకునేది నార్వే మార్గరెట్‌నే.

1286 మార్చిలో స్కాట్లాండ్ రాజు మూడో అలెగ్జాండర్ కొత్త రాణి దగ్గరికని రాత్రివేళ గాలివానలో గుర్రమెక్కాడు. కింగ్‌హార్న్ దగ్గర పడి చనిపోయాడు. పిల్లలు ముగ్గురూ అప్పటికే పోయారు. మిగిలింది కూతురి కూతురు, నార్వే రాజు ఎరిక్ బిడ్డ మార్గరెట్. పసిపిల్ల. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ తన కొడుక్కి ఆమెను అడిగాడు. దగ్గరి చుట్టరికం కాబట్టి పోప్ అనుమతీ తెచ్చుకున్నారు. 1290లో బర్గమ్ ఒప్పందం కుదిరింది: పెళ్లయినా స్కాట్లాండ్ చట్టాలు, హక్కులు విడిగానే ఉండాలి. ఎడ్వర్డ్ పంచదార, అత్తిపళ్లు, ఎండుద్రాక్ష, అల్లం రొట్టెలతో ఓడ పంపించాడు. తండ్రి మాత్రం పిల్లను నార్వే ఓడలోనే ఎక్కించాడు. ఆ సెప్టెంబరులో, ఏడేళ్ల వయసులో, ఆమె ఆర్క్నీ దీవుల్లో కన్నుమూసింది. ఆ దీవులు అప్పటికి నార్వేవే.

సింహాసనం మాదంటూ డజనుకు పైగా బయల్దేరారు. తీర్పరి ఎడ్వర్డే. 1296లో దండెత్తిందీ ఆయనే.

పిల్ల బతికుంటే యుద్ధమే ఉండదని, 1603లో కలిసిన కిరీటాలు మూడు వందల ఏళ్ల ముందే కలిసేవని కొందరు తేల్చేస్తారు. అంత తేలిక కాదు. ఒక చావును తప్పించినంత మాత్రాన చుట్టూ ఉన్నవాళ్ల బుద్ధులు మారవు కదా! తర్వాత రాజైన రాబర్ట్ బ్రూస్ తాత 1286లోనే నైరుతి కోటలు పట్టుకున్నాడు. బర్గమ్ బేరాలు సాగుతుండగానే ఎడ్వర్డ్ స్కాట్లాండ్ ఏలుబడిలోని మాన్ దీవిని చేజిక్కించుకున్నాడు. కోడలు క్షేమంగా ఇంటికొస్తే ఇలాంటి మామగారు చేతులు ముడుచుకుని కూర్చుంటాడా?

ఈ కాలమిస్టుకు నచ్చే కొస వేరే ఉంది, అది ఫ్రాన్స్ వైపుది. మార్గరెట్ లేకపోబట్టే ఎడ్వర్డ్ కొడుకు, కుర్ర ఎడ్వర్డ్, 1308లో ఫ్రాన్స్ రాకుమారి ఇసబెల్లాను చేసుకున్నాడు. ఆమె అన్నలు ముగ్గురూ వారసుడు నిలవకుండానే పోయారు. 1328లో ఆ శాఖ ఆగిపోయింది. దాంతో ఆమె కొడుకు మూడో ఎడ్వర్డ్ ఫ్రాన్స్ కిరీటం నాదన్నాడు. మార్గరెట్ కోడలై వచ్చుంటే ఆ కొడుకూ లేడు, ఆ వాదనా లేదు.

అయితే ఆ వాదనతో నడిచిన వందేళ్ల యుద్ధమూ ఉండేది కాదంటే మాత్రం ఒప్పుకోకూడదు. ఫ్రాన్స్ గడ్డపై ఇంగ్లండ్ రాజుల చేతిలో ఉన్న గాస్కనీ కోసం ఆ రెండు దేశాలూ 1294లో కొట్టుకున్నాయి, 1324లో మళ్లీ కొట్టుకున్నాయి. ఆ రెండుసార్లూ కిరీటం ఊసే లేదు.