రెక్క విప్పేదాకా

పోయిన ఆదివారం ఒక కుర్ర పాఠకుడు ఉప్పాడ ఒడ్డున తీసిన ఫొటో పంపాడు. తడి ఇసుకలో ఒంటికాలి మీద నిలబడ్డ సీగల్. "కాళ్ళు నారింజ రంగులో ఉన్నాయండీ, నల్లతల సీగల్ అని రాసుకున్నాను" అన్నాడు. ముందు కాళ్ళు చూడండి, పేరు రాయకుండా ఒడ్డు వదలకండి అని ఈ కాలమ్‌లో ఏళ్ళ తరబడి పోరుతున్నది నేనే. అందుకే ఆ ఫొటో నన్ను రెండు రోజులు వదల్లేదు.

మన తీరానికి చలికాలంలో వచ్చే నల్లతల, గోధుమతల సీగల్స్ రెండింటికీ పెద్దయ్యాక ఎర్రటి కాళ్ళే. తొలి ఏడాది పిల్లలకు ఆ ఎరుపు ఇంకా దిగదు, వెలిసిన నారింజలా ఉంటుంది. రెండింటి పిల్లలకూ రెక్కల మీద గోధుమ మచ్చలు, తోక చివర నల్ల పట్టీ ఉంటాయి. పల్లాస్ సీగల్ అయితే పెద్దయ్యాక పసుపు కాళ్ళు, పిల్లగా ఉన్నప్పుడు బూడిద రంగువి. కాలు వయసు చెబుతుంది. జాతి చెబుతుందని నేను అనుకున్నంత గట్టిగా చెప్పదు.

ఈ మాట నాకు చాలా ఏళ్ళ కిందటే కాకినాడలో ఒకావిడ చెప్పింది. బోట్లు వచ్చే వేళ, చేపలు కోస్తూ కూర్చుంది. నేను బైనాక్యులర్స్‌తో పక్షుల కాళ్ళే చూస్తున్నాను. "కాళ్ళు చూత్తే ఏం తెలుత్తాది బాబూ, లెగనియ్యి" అంటూ కవ్వళ్ళ పేగులు గుప్పెడు విసిరింది. గుంపంతా ఒక్కసారి లేచింది. ఒకదానికి రెక్క ముందు అంచున తెల్లటి చీలిక, ఇంకోదానికి కొసంతా నలుపు. ఆ నల్ల కొసది గోధుమతల పిల్ల. ముక్కున పట్టిన పేగు జారిపోయింది, పెద్దది వచ్చి లాక్కుపోయింది. "ఈ యేటి పిల్ల, ఇంకా తినడం రాలేదు" అందావిడ. అది నిజంగా ఆ ఏటి పిల్లే. లడఖ్, టిబెట్ చెరువుల దగ్గర, సముద్రానికి నాలుగు వేల మీటర్ల పైన పుట్టి, కొన్ని నెలలకే ఈ ఉప్పునీటికి దిగినది. అంత దూరం వచ్చిన పిల్లకు నోటిదాకా వచ్చిన ముక్క దక్కకపోవడం ఇప్పటికీ నా కళ్ళలో ఉంది.

ఆ కుర్రాడి పక్షి రెక్కలు ముడుచుకునే ఉంది. ఉన్న ఒక్క ఫొటోతో నేనూ తేల్చలేను. ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతుంది, అతనూ అందులో పాల్గొంటాడట. ఆ పట్టికలో తప్పు పేరు చేరడం కన్నా పేరు లేని పక్షి ఉండడమే నయం. "సీగల్ పిల్ల, మొదటి చలికాలం అని మాత్రం రాయి, జాతి గడి వదిలెయ్యి" అని జవాబిచ్చాను.

రేపు తెల్లారకుండా మళ్ళీ ఉప్పాడ వెళ్తానన్నాడు, అది ఎగిరేదాకా కదలనని.