చూపించడమా, చదివి వినిపించడమా

2023 మేలో జపాన్‌లోని మియాగి పోలీసులు 52 ఏళ్ళ వ్యక్తిని అరెస్టు చేశారు. ‘స్టైన్స్ గేట్’ వరుసలోని ఒక విజువల్ నావెల్‌ని ముగింపుతో సహా ఆడి యూట్యూబ్‌లో పెట్టాడు, ప్రకటనల డబ్బు తీసుకున్నాడు. అనిమేల కుదింపులూ కేసులో ఉన్నాయి. రెండేళ్ళ జైలు (ఐదేళ్ళు అమలు నిలిపి), పది లక్షల యెన్ల జరిమానా.

విజువల్ నావెల్‌లో ఆటగాడి పని దాదాపు పేజీ తిప్పడమే. ఆ వీడియో అంటే నవల మొత్తం స్కాన్ చేసి పంచినట్టే. ఇక్కడ నేను కంపెనీ వైపే. జైలు శిక్ష మాత్రం నాకు మింగుడుపడదు.

మారియో వేరు. లెవెల్ అందరికీ ఒకటే, దూకుడు ఎవరిది వాళ్ళది. హరికథకి వెళ్ళేవాళ్ళకి రుక్మిణీ కల్యాణం ముందే తెలుసు కదా, వెళ్ళేది దాసుగారి కోసం. అయినా 2013లో నింటెండో ఇలాంటి వీడియోల ప్రకటనల ఆదాయాన్ని కంటెంట్ ఐడీ ద్వారా తనవైపు తిప్పుకుంది. 2015లో వాటా పథకం పెట్టింది: ఒక్కో వీడియోకైతే 60 శాతం, ఛానెల్ మొత్తం నమోదు చేస్తే 70. 2018 చివర్లో దాన్నీ మూసేసి, మీ సొంత సృజనో వ్యాఖ్యానమో ఉండాలని నియమం రాసింది. రాసింది లాయర్లే కావచ్చు, నాకు మాత్రం అది మంచి విమర్శలా కనిపిస్తుంది. కంటెంట్ ఐడీకి ఆ వివేకం లేదు. అది శబ్దాన్నీ దృశ్యాన్నీ పోల్చి చూస్తుంది, అంతే. మాట్లాడే మనిషి దానికి లెక్కలోకే రాడు.

చిక్కంతా ‘పర్సోనా 5’ లాంటి వాటితోనే. పోరాటమూ ఉంది, బోలెడు కథా ఉంది. 2017లో అట్లస్, ఆటలోని క్యాలెండర్ ప్రకారం జులై 7 దాటి చూపించొద్దంది. అభిమానులు గొడవ చేస్తే నవంబరు 19కి జరిపింది. మొరటు గీతే, కానీ కథ ఎక్కడ మొదలవుతుందో ఆలోచించి గీసింది.