విలియమ్ నిక్కరు

రిచ్‌మల్ క్రాంప్టన్ రాసిన విలియమ్ కథలు మీలో కొందరైనా చదివే ఉంటారు. మొదటిది 1919లో, ఇంగ్లండులో ఆడవాళ్లు చదువుకునే ఓ పత్రికలో వచ్చింది. చివరి పుస్తకం 1970లో, ఆవిడ పోయిన మరుసటేడు. ఇన్నేళ్లూ వాడికి పదకొండేళ్లే! థామస్ హెన్రీ బొమ్మల్లో ఎప్పుడూ అదే జారిపోయిన మేజోడు, అవే మట్టి మోకాళ్లు, అదే నిక్కరు.

ఒకప్పుడు ఇంగ్లండులో బడిపిల్లాడికి మంచు కురుస్తున్నా నిక్కరే. పన్నెండో పదమూడో వస్తేగాని పొడుగు పంట్లాం కుట్టించేవారు కారు. తర్వాత్తర్వాత ఆ పట్టింపు సడలింది. క్రాంప్టన్ కథల్లోకీ చంద్రుడి మీదికెళ్లే రాకెట్టొచ్చింది, పాప్ పాటగాళ్లొచ్చారు. నిక్కరు మాత్రం కదల్లేదు. 1960ల్లో ముందుగానే పంట్లాం తొడిగిన కుర్రాళ్లకి విలియమ్ తమ ఈడువాడిలా కాక, నాన్నగారి చిన్నప్పటి ఫొటోలా కనబడి ఉంటాడు. లోపమే, కాదనను.

అయినా ఆవిడ మీద నాకు కోపం రాదు. 1923లో పోలియో వచ్చి కుడికాలు పడిపోయింది. పంతులమ్మ ఉద్యోగం వదులుకుంది. అలాంటి మనిషికి, గోడలు దూకే ఆ కాళ్లని కప్పెయ్యడానికి మనసొప్పలేదేమో!

ఎటొచ్చీ నా జాలంతా వాళ్లమ్మ మీద. మిసెస్ బ్రౌన్, పాపం, ఎప్పుడు చూసినా మేజోళ్ల చిల్లులు కుడుతూనే ఉంటుంది.