మిట్టదారిలో బట్టలకొట్టు గుమాస్తా

ఎచ్.జి. వెల్స్ అనగానే మన పాఠకులకు కాలయంత్రం, అంగారకగ్రహం నుంచి దిగిన దండు గుర్తుకు వస్తాయి. కాని 'టైమ్ మెషీన్' వెలువడిన మరుసటి ఏడు, 1896లో, ఆయన 'ది వీల్స్ ఆఫ్ ఛాన్స్' అనే చిన్న నవల ఒకటి ప్రకటించాడు. అందులో యంత్రం సైకిలు. లోకం దక్షిణ ఇంగ్లాండులోని కొండవాలు పల్లెలు. విమర్శకులు దీన్ని సరదా పుస్తకంగా పక్కన పెట్టేశారు. సరదా ఉన్నమాట నిజమే. ఆ సరదా ఎవరిది, దానికి వెల ఎవరు చెల్లించారు అన్న ప్రశ్న వేసుకుంటే మాత్రం ఈ నవల మరోలా కనిపిస్తుంది.

కథ చాలా కొద్దిది. హూప్‌డ్రైవర్ పుట్నీలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. ఏడాదికోసారి దొరికే పది రోజుల సెలవులో పాత సైకిలొకటి తీసుకుని సర్రే, ససెక్స్ ప్రాంతాల మీదుగా యాత్రకు బయలుదేరతాడు. దారిలో జెస్సీ మిల్టన్ అనే అమ్మాయి, ఆమెను మోసం చేయబోతున్న బెషమెల్ అనే పెద్దమనిషి తారసపడతారు. వాడి బారి నుంచి ఆమె తప్పించుకోవడానికి హూప్‌డ్రైవర్ తోడవుతాడు. సెలవు ముగిశాక తిరిగి కొట్టుకు వస్తాడు. అంతే.

ఈ నాయకుణ్ణి వెల్స్ పరిచయం చేసిన తీరు గమనించాలి. కౌంటరు పైన కనిపించే సగం మనిషిని, అంటే ఆ వంగిన నడుమును, చేతుల కదలికను, మర్యాద మాటలను మొదట చకచకా చెప్పేసి, ఆ తరువాత కౌంటరు చాటున ఉన్న సగానికి వస్తాడు. అక్కడ ఉన్నవి సైకిలు నేర్చుకుంటూ పడి దెబ్బలు తిని కమిలిపోయిన రెండు కాళ్ళు. కొనడానికి వచ్చినవాళ్ళకు ఆ కాళ్ళతో పనిలేదు. వాళ్ళకు కావలసింది పై సగమే. శ్రమ చేసే మనిషిని కొనుగోలుదారు ఎంతమేరకు చూస్తాడో ఇంత తక్కువ మాటల్లో చెప్పిన నవలారంభాలు ఎక్కువ లేవు.

వెల్స్‌కు ఇది విని రాసిన సంగతి కాదు. 1881 నుంచి రెండేళ్ళ పాటు సౌత్‌సీలో బట్టల కొట్టులో శిక్షణ గుమాస్తాగా నలిగిపోయి, చివరకు అక్కడి నుంచి బయటపడి, మిడ్‌హర్స్ట్ గ్రామర్ స్కూల్లో చదువుకుంటూ చదువుచెప్పే కొలువులో చేరినవాడు. నవలలో హూప్‌డ్రైవర్ సైకిలు వెళ్ళేది ఆ మిడ్‌హర్స్ట్ మీదుగానే. ఆనాటి దుకాణ గుమాస్తాలు యజమాని పెట్టిన తిండి తిని, యజమాని చూపిన వసతిలోనే పడుకోవాలి. 1886 చట్టం పద్ధెనిమిదేళ్ళ లోపు వాళ్ళ పనిని వారానికి 74 గంటలకు పరిమితం చేసింది. పరిమితమే 74 అయితే, ఆ పరిమితి కూడా వర్తించని పెద్దల సంగతి ఊహించుకోవచ్చు. వారానికి ఒక పూట సెలవు చట్టబద్ధం కావడానికి 1911 దాకా ఆగవలసి వచ్చింది. హూప్‌డ్రైవర్ పది రోజులను ఈ లెక్కలో పెట్టి చదవాలి.

ఇక మిట్ట సంగతి. 1885లో స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలుతో రెండు చక్రాలు సమానమయ్యాయి. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. పదేళ్ళు తిరగకుండానే పాత బండ్లు గుమాస్తాల చేతికి అందాయి. బండి అందినంత మాత్రాన కొండ చదును కాదు కదా! హూప్‌డ్రైవర్‌కు యాత్ర మొదలే పుట్నీ మిట్ట. తొక్కడం సరిగా రాదు, దిగడం అసలే రాదు. చెమటలు కారుస్తూ, పడుతూ లేస్తూ వెళతాడు. అయినా కొట్టులో నిలబడ్డ కాళ్ళ నొప్పికి, మిట్ట ఎక్కిన కాళ్ళ నొప్పికి తేడా అతనికి తెలుసు. మొదటిది అమ్ముకున్న శ్రమ, రెండోది తన కోసం తాను పడిన శ్రమ. నవలలోని ఆనందమంతా ఈ తేడా నుంచే పుట్టింది.

జెరోమ్ కె. జెరోమ్ 1900లో రాసిన 'త్రీ మెన్ ఆన్ ది బమ్మెల్' పక్కన పెడితే విషయం మరింత తేటపడుతుంది. అందులో ముగ్గురు తీరికైన పెద్దమనుషులు జర్మనీ బ్లాక్ ఫారెస్టు కొండలకు సైకిళ్ళతో వెళతారు. అంతా మిట్టే కదా అన్న సందేహం రాగానే జార్జ్ గొంతు తగ్గించి, కొండలెక్కే చిన్న రైళ్ళున్నాయని రహస్యం చెబుతాడు. నవ్వకుండా ఉండలేం. సైకిలు ప్రకటనల బొమ్మల్లో తొక్కేవాడు ఎక్కడా కష్టపడడని జెరోమ్ చేసిన ఎగతాళి ఈనాటి పర్యాటక ప్రకటనలకూ చెల్లుతుంది. అయితే తన పాత్రలు ఆ బొమ్మలోని మనుషులకు దూరం వాళ్ళు కారన్న సంగతి జెరోమ్‌కు పట్టలేదు. సెలవు వాళ్ళకు దక్కిన వస్తువు కాదు, అలవాటు.

మన యాత్రాసాహిత్యంలోనూ ఈ ప్రశ్న ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరింది పల్లకీలో. ఆయన చూపు నిశితమైనది. దారులు, ఊళ్ళు, సత్రాలు, ధరలు ఏవీ వదలలేదు. కాని కనుమ ఎక్కిన కాళ్ళు బోయీలవి, పుస్తకం రాసిన చెయ్యి ఆయనది. సైకిలు మీద ఈ రెండూ ఒకే మనిషివి కావడం చిన్న మార్పు కాదు.

నవల లోపం పల్లెల దగ్గర బయటపడుతుంది. సున్నపురాతి కొండలు, ఇసుకరాతి మెట్టలు, వాటి నడుమ వీల్డ్ బంకమట్టి నేల. ఇక్కడి పల్లెలు చూడ్డానికి చిత్రపటాల్లా ఉంటాయి. ఎందుకున్నాయి? ఒకప్పుడు ఇక్కడ ఇనుము కరిగించారు. కొలిమి సమ్మెటలను ఆడించడానికి కట్టిన చెరువులు ఇంకా ఉన్నాయి. బొగ్గు కొలుముల పరిశ్రమ వేరే సీమలకు తరలిపోయాక ఇక్కడి కొలుములు చల్లారాయి. 1870ల తరువాత అమెరికా గోధుమ దిగుమతులతో ధరలు పడిపోయి, కూలీలు పట్నాలకూ సీమలు దాటీ వలసపోయారు. యాత్రికుడు మెచ్చుకునే నిశ్శబ్దంలో ఈ వలస ఉంది. జోసెఫ్ ఆర్చ్ నాయకత్వాన వ్యవసాయ కూలీల జాతీయ సంఘం 1872లో ఏర్పడింది. వాళ్ళలో చాలామందికి ఓటు వచ్చింది 1884లో. హూప్‌డ్రైవర్ పల్లెల్లో మాత్రం ఈ కూలీ కనపడడు. కనపడేది సత్రం యజమానులు, తాగి వాగే బాతాఖానీరాయుళ్ళు. జెస్సీని అవమానించిన ఒకడితో హూప్‌డ్రైవర్ తలపడే ఘట్టం నవ్విస్తుంది గాని, ఆ పల్లెవాళ్ళు పొద్దంతా ఏం పని చేసి అక్కడికి వచ్చారో మనకు తెలియదు. తల్లి ఇదే కొండసీమలో అప్‌పార్క్ భవనంలో హౌస్‌కీపరుగా పనిచేసిన రచయిత నుంచి ఇంతకన్న ఎక్కువ ఆశించడం తప్పుకాదు. ఆ జ్ఞాపకాన్ని ఆయన 1909లో 'టోనో బంగే'లో వాడుకున్నాడు. ఇక్కడ వాడుకోలేదు.

ఆ దాపునే హైండ్‌హెడ్ మిట్ట మీద 1786లో హత్యకు గురైన ఒక నావికుడి రాయి ఉంది. పోర్ట్స్‌మత్‌కు నడిచిపోతున్న ఆ మనిషి పేరు కూడా ఎవరికీ తెలియదు. డికెన్స్ 'నికొలస్ నికల్బీ'లో నికొలస్, స్మైక్ కాలినడకన పోతూ ఆ రాతి దగ్గర ఆగుతారు. 2011లో కొండ కింద సొరంగం తెరిచాక పైనున్న పాత రహదారి మూసి గడ్డి పెంచారు. దారి మీద నడిచినవాళ్ళ చరిత్ర అలా ఒక్క రాయిగా మిగిలింది. చారిత్రక గ్రామం అని మనం అనేటప్పుడు చర్చి గోపురం, జమీందారు మేడ లెక్కకు వస్తాయి. ఈ నావికుడు చివర ఎక్కడో వస్తాడు.

అదే కాలంలో ఇంకో రకం సైకిలు యాత్ర కూడా నడిచింది. 1891లో రాబర్ట్ బ్లాచ్‌ఫర్డ్ మొదలుపెట్టిన 'క్లారియన్' అనే సోషలిస్టు పత్రిక పాఠకులు 1894లో బర్మింగ్‌హామ్‌లో సైకిలు సంఘం పెట్టుకుని, పల్లెలకు పత్రికలూ కరపత్రాలూ మోసుకుపోయారు. వాళ్ళు పల్లెల్లో ఎంత చెప్పారో, ఎంత విన్నారో అని అడగవచ్చు. అయినా పల్లెలో మాట్లాడవలసిన మనుషులున్నారని వాళ్ళకు తెలుసు. వెల్స్ నవల రాస్తున్నప్పుడు ఇది ఆయన చుట్టూ జరుగుతూనే ఉంది.

జెస్సీ పాత్రలో రచయిత పదును తిరిగి కనిపిస్తుంది. ఆమె సవతితల్లి స్త్రీస్వేచ్ఛ గురించి నవల రాసి పేరు తెచ్చుకున్న మనిషి. కూతురు స్వేచ్ఛ కోరగానే గుండె బాదుకుంటుంది. ఇటువంటి అభ్యుదయం మనకూ కొత్తది కాదు. సైకిలు తొక్కడానికి అనువైన దుస్తులు వేసుకున్న జెస్సీకి పుస్తకాల్లోని లోకం తెలుసు, కూలి కోసం పనిచేయడం తెలియదు. హూప్‌డ్రైవర్‌కు పనే తెలుసు. ఆమె ముందు తాను దక్షిణాఫ్రికా నుంచి వచ్చానని, సింహాలు, నిప్పుకోళ్ళు అంటూ కోతలు కోస్తాడు. నేల మీద గుండుసూది కనపడగానే తీసి కోటుకు గుచ్చుకునే అలవాటు మాత్రం పోదు. చివరికి ఆ అబద్ధం మోయలేక నిజం చెప్పేస్తాడు. నవలలో ఎక్కిన అసలు మిట్ట అదే.

ముగింపు ఓటమివాదమని కొందరంటారు. నాకు అలా తోచదు. 1905లో 'కిప్స్'లో మరో బట్టలకొట్టు కుర్రాణ్ణి వెల్స్ తాత ఆస్తి ఇచ్చి బయటికి లాగాడు. హూప్‌డ్రైవర్‌కు ఏ ఆస్తీ రాదు. జెస్సీ పుస్తకాలు పంపుతానంటుంది. ఆరేళ్ళ తరువాతి మాటేదో ఇద్దరి మధ్య నడుస్తుంది. ఆ పుస్తకాలు చదవడానికి కొట్టు కట్టేశాక అతనికి ఏ వేళ మిగులుతుందో నవల చెప్పదు. సైకిలు నడిపించుకుంటూ అతను దుకాణం పెరటి గేటులోకి వెళతాడు.