ఈగ కన్నా ముందు

తొలకరికి నేల తడిసి, మబ్బు పట్టిన వేడి నాలుగు రోజులు నిలిస్తే, నక్కపల్లి మొదలుకొని పడమట నర్సీపట్నం దాటి చింతపల్లి అడవుల వరకు పుట్టగొడుగుల ఏరివేత మొదలవుతుంది. తెలుగువారు పెట్టిన ఈ పేరులోనే జీవశాస్త్రం ఇమిడి ఉంది. చెదలు నమిలి విసర్జించిన ఆకు, పుల్లలతో పుట్ట లోపల తేనెపట్టు వంటి గూడు కట్టి, దాని మీద ఒక శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. ఆ శిలీంధ్రం వానకాలంలో పొడవాటి వేరు వంటి కాడతో మట్టిని చీల్చుకొని పైకి గొడుగుగా లేస్తుంది. ఈ ప్రజాతికి 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టగా, 1979లో దక్షిణ భారతం నుంచి నటరాజన్ వర్ణించిన ఒక జాతికి ఆయన పేరు మీదనే టెర్మిటోమైసిస్ హైమీ అన్న పేరు వచ్చింది.

ఏరేవారి నేర్పు అంతా వేళలో ఉంది. తెల్లవారకముందే బయలుదేరి, టోపీ ఇంకా విచ్చుకోని మొగ్గలనే వారు కోరి ఏరుకోవడానికి రుచి ఒక్కటే కారణం కాదు. టోపీ అడుగున రేకుల్లా పలచగా వేలాడే పొరలను మొప్పలు అంటారు. సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రానికి విత్తనాల వంటి సూక్ష్మకణాలు, వాటి మీదనే పుడతాయి. టోపీ విచ్చుకోగానే ఈ మెత్తని తడి పొరలు ఈగలకు అందుబాటులోకి వస్తాయి. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలకు దగ్గరి బంధువులైన డ్రోసోఫిలా జాతులు, గూని వీపు ఫోరిడ్ ఈగలు, దోమను పోలిన సన్నకాళ్ల మైసెటోఫిలిడ్ ఈగలు ఇక్కడ గుడ్లు పెట్టేవాటిలో ముఖ్యమైనవి. డ్రోసోఫిలా గుడ్డు వెచ్చని రోజుల్లో సుమారు ఒక్క రోజులోనే పిగులుతుంది కనుక, ఉదయం తెల్లగా కనిపించిన గొడుగు మర్నాటికి లోలోపల పురుగుల నిలయమవుతుంది. కొన్ని పురుగులు కాడలోనే సొరంగాలు చేస్తాయి. కాబట్టి కాడను నిలువునా చీల్చి చూడటం, ఉప్పునీటిలో కాసేపు నానబెట్టడం వంటగదిలో తప్పనిసరి పనులు.

ఈ ఈగల బతుకు కాలంతో పందెం. పుట్టగొడుగు కొద్ది రోజుల్లోనే కుళ్ళి నీరైపోతుంది. ఆలోగా పురుగు తిని, ఎదిగి, మట్టిలోకి దిగి కోశస్థ దశకు, అంటే రెక్కల ఈగగా మారేముందు కదలక ఉండే దశకు చేరాలి. ఒకే గొడుగులో అనేక జాతులు పోటీపడినా బలహీనమైనది నశించిపోకపోవడానికి జీవావరణ శాస్త్రజ్ఞులు చెప్పే కారణం ఆసక్తికరమైనది: ప్రతి జాతీ తన గుడ్లను కొన్ని గొడుగుల్లోనే గుంపుగా పెట్టడం వల్ల, మరికొన్ని గొడుగులు ఇతర జాతులకు ఖాళీగా మిగులుతాయి.

ఇక్కడ ఒక ప్రాణాంతకమైన పొరపాటును గట్టిగా ఖండించవలసి ఉంది. పురుగు పట్టిన పుట్టగొడుగులో విషం ఉండదన్న నమ్మకం అనేక దేశాల్లో ఉంది. అమానిటా అనే పుట్టగొడుగు జాతుల్లో కొన్నిటిలో ఉండే అమానిటిన్ అనే విషం కణంలో జన్యువుల సందేశాన్ని నకలు తీసే ఎంజైమును అడ్డుకొని మనిషి కాలేయాన్ని ధ్వంసం చేస్తుంది. వండినా అది పోదు. అయితే పుట్టగొడుగుల్లో పెరిగే కొన్ని డ్రోసోఫిలా జాతులు ఈ విషాన్ని తట్టుకుంటాయని 1983లో అమెరికా శాస్త్రవేత్త జాన్ జెనికె, ఆయన సహచరులు చూపారు. పైగా ఈగను గొడ్డుగా మార్చే నులిపురుగులకు ఆ విషం హాని చేస్తుంది కనుక, విషపు గొడుగు ఈగ పిల్లలకు ఒక రకంగా రక్షణ కూడా. కనుక తినదగినదో కాదో తేల్చేది పురుగు కాదు. పుట్టను, కాడను, టోపీ అడుగును ఏళ్ల తరబడి చూసి, కుక్కగొడుగును వేరుచేయగల పెద్దల కన్నే, అదీ అనుమానం తగిలినప్పుడు వదిలేసే కన్నే.

ఈగల వల్ల శిలీంధ్రానికి అన్నివేళలా నష్టమే అనుకోనక్కరలేదు. దుర్వాసన గల జిగురులో సిద్ధబీజాలను దాచే ఫాలస్ అనే శిలీంధ్ర జాతుల్లో వాటిని మోసుకుపోయేవి ఈగలే.

ఏరేవారు పుట్టను తవ్వరు. మొగ్గను అటూ ఇటూ కదిలించి పైకి తీస్తారు. కింద ఉన్న చెదల గూడు చెడకపోతే మరుసటి ఏడు వానకు ఆ చోటనే గొడుగులు లేస్తాయి. విచ్చిపోయిన ముదురు టోపీలు పుట్ట మీదనే మిగిలిపోతాయి. మధ్యాహ్నానికి వాటి చుట్టూ ఈగలు ముసురుతాయి, వాటి పురుగులను తినే పొట్టి పైరెక్కల పెంకుపురుగులు మొప్పల సందుల్లోకి దూరతాయి.